నిలిపిన బండికి టైరు కవర్లు: తిరుపతి ఎండకూ కార్తీకపు వానకూ ఏవి ఆగుతాయి

తిరుపతిలో ఏ అపార్ట్‌మెంటు కింద చూసినా వెండిరంగు కవరు కప్పిన కార్లు రెండు మూడు కనిపిస్తాయి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లినవాళ్లవి, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పండక్కి మాత్రమే వచ్చేవాళ్లవి. పైనుంచి చూస్తే బండి భద్రంగా ఉన్నట్టే ఉంటుంది. వంగి చూడండి. కవరు అంచు చక్రం నడుం దగ్గరే ఆగిపోయి ఉంటుంది. టైరులో కింది సగం, రిమ్ములో కింది సగం బయటే. బోనెట్ రంగు వెలిసిపోతే మళ్లీ వేయించుకోవచ్చు. టైరు సైడ్‌వాల్, అంటే పక్కగోడ, పగిలితే దానికి అతుకూ లేదు, మందూ లేదు.

ఆ బయటి సగం కోసం అమ్మే సరుకును ఇక్కడ తూచి చూస్తున్నాం. ఆన్‌లైన్‌లో నాలుగేసి చొప్పున వచ్చే టైరు కవర్లు, సీటు కవర్ల అంగళ్లలో కుట్టించుకునే రెగ్జిన్ తొడుగులు, పాత ఫ్లెక్సీలు, గోనెపట్టలు, ప్లైవుడ్ చెక్కలు, సీసాల్లో వచ్చే టైరు పాలిష్‌లు. తీర్పు ముందే చెప్పేస్తే, వెండిపూత ఉన్న మందపాటి పాలిస్టర్ గుడ్డతో, అడుగు తెరిచి, కొలతకు కుట్టించిన కవరుదే మొదటి స్థానం. అదీ జనవరి నుంచి సెప్టెంబరు దాకానే. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం దిగాక అదే కవరు మేలు కంటే కీడు ఎక్కువ చేస్తుంది. రోజూ తిరిగే బండికైతే ఈ సరుకేదీ అక్కర్లేదు. మూడు వారాలకు మించి కదలని బండికే ఈ ఖర్చు.

తిరిగే టైరు బాగుండి నిలిచిన టైరు ఎందుకు పగులుతుంది? టైరు రబ్బరులో తయారీలోనే మైనమూ, 6పీపీడీ లాంటి ఓజోన్ నిరోధకాలూ కలుపుతారు. బండి నడుస్తున్నప్పుడు సైడ్‌వాల్ వంగుతూ లేస్తూ ఉంటుంది. ఆ మర్దనకు అవి లోపలినుంచి పైకి ఊరి పలచని పొరగా పరుచుకుంటాయి. ఒక్కోసారి టైరు గోధుమరంగుకు తిరిగినట్టు కనిపించేది ఆ పొరే. మురికనుకుని బ్రష్షుతో అరగదీసేవాళ్లున్నారు, అది టైరు తనకు తాను పూసుకున్న మందు. బండి నిలిచిపోతే ఈ ఊట మందగిస్తుంది. పైన ఉన్న పొర ఎండకూ గాలికీ ఖర్చయిపోతుంది, కొత్త పొర రాదు. అప్పుడు గాలిలోని ఓజోన్ రబ్బరు అణువుల గొలుసులను తెంపడం మొదలుపెడుతుంది. సాగి ఉన్న చోటే మొదట తెగుతుంది కాబట్టి, గాలి తగ్గి ఉబ్బినట్టు వంగిన సైడ్‌వాల్ మీద సన్నని గీతలు కనిపిస్తాయి. వెల్డింగ్ షాపు పక్కన బండి నిలపవద్దనడానికి కారణం నిప్పురవ్వలు మాత్రమే కాదు, ఆ ఆర్క్ వెలుగుకు ఓజోన్ కూడా పుడుతుంది.

ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు టైరులోని నల్లటి కార్బన్ పొడి మింగేస్తుంది. వేడిని మాత్రం ఆ నలుపే మరింత లాగుతుంది. స్థూలంగా పది డిగ్రీలు పెరిగితే రబ్బరు ముదిరే వేగం రెట్టింపవుతుందని లెక్క. అందుకే కవరు రంగు సోకు విషయం కాదు. నల్లకవరు ఎండను ఆపి వేడిని నిలబెడుతుంది. తెలుపో వెండిరంగో అయితే రెండింటినీ తిప్పికొడుతుంది. ఆన్‌లైన్‌లో ఎక్కువగా అమ్ముడుపోయేవి నల్లవే, మురికి కనబడదని. మన ఊరి మే నెలకు అవి తగవు.

కవరు కొనేముందు, డబ్బు ఖర్చు లేకుండా బండిని ఏ వైపుకు నిలపాలో చూసుకోవాలి. తిరుపతి 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివర్లో, మళ్లీ ఆగస్టు నడుమ, మిట్టమధ్యాహ్నం పొద్దు సరిగ్గా నడినెత్తిన ఉంటుంది. ఆ వేళ టైరు మడ్‌గార్డు నీడలోనే ఉంటుంది, మాడేది కారు టాపు. టైరును కాల్చేది పొద్దున ఏడు నుంచి పది, సాయంత్రం మూడు నుంచి ఆరు మధ్య ఏటవాలుగా పడే ఎండ. బండి ముక్కు ఉత్తరానికో దక్షిణానికో ఉంటే, ఒక పక్క రెండు టైర్లకు తూర్పు ఎండ, ఇంకో పక్క రెంటికి పడమటెండ నేరుగా కొడతాయి. ముక్కు తూర్పుకో పడమరకో తిప్పి నిలిపితే ఆ ఎండ బంపర్ల మీద పడుతుంది, టైర్ల పక్కలకు గీరుకుంటూ పోతుంది. డిసెంబరులో మాత్రం మధ్యాహ్నపు పొద్దు దక్షిణాన దాదాపు 53 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది కనుక దక్షిణం వైపు రెండు చక్రాలకు ఎండ తగులుతుంది. స్టిల్టు పార్కింగులో, అంటే అపార్ట్‌మెంటు కింద స్తంభాల మధ్య, బయటి వరసలో నిలిపేవాళ్లకు చాలాసార్లు నాలుగు కవర్లు అక్కర్లేదు, ఎండ దూరే వైపు రెండు చాలు. నాలుగుకు తక్కువ అమ్మనంటే మిగతా రెండూ మరుసటి ఏటికి దాచుకోవచ్చు.

ఇక సరుకు. ఆన్‌లైన్ సెట్ల మీద 210డి, 300డి, 600డి అని రాసి ఉంటుంది. డి అంటే డెనియర్, 9000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే అంకె. 210 గొడుగు గుడ్డ లాంటిది. మన ఎండకు అది ఒక్క వేసవి కూడా నిలవడం కష్టం, ముందు పూత పొడిగా రాలుతుంది, తర్వాత గుడ్డ వేలితో చీల్చితే చీలుతుంది. 600 స్కూలు బ్యాగు గుడ్డంత మందం. మరో రకం నాలుగు పొరల కవరు: బయట అల్యూమినియం రేకు లాంటి పొర, లోపల దూది పరుపు. చూడ్డానికి ఇదే ఘనంగా ఉంటుంది, వేడిని బాగా ఆపుతుంది కూడా. చిక్కేమిటంటే లోపలి దూది ఒకసారి తడిస్తే ఆరదు. వెండిపూత పాలిస్టర్‌కు ఆ బాధ లేదు.

ఈ సెట్లలో చాలావరకు అమెరికాలో ఇళ్లలాంటి బండ్లు, ట్రెయిలర్లు ఉంటాయే, వాటికోసం మొదలైన నమూనాలు. ఆ బండ్లకు చక్రానికీ పైన మడ్‌గార్డుకూ మధ్య చేయి దూరేంత సందు ఉంటుంది. మన హ్యాచ్‌బ్యాక్‌లకు నాలుగు వేళ్ల సందు కూడా కష్టమే. మందం కవరు ట్రెడ్ (టైరులో నేలకు ఆనే భాగం) మీదకు ఎక్కదు, సగంలో ముడుచుకుంటుంది, గాలికి ఊడిపోతుంది. కాబట్టి ఎస్‌యూవీలకు, జీపులకు, టెంపో ట్రావెలర్లకు రెడీమేడ్ సరిపోవచ్చు. చిన్న కార్లకు కుట్టించుకోవడమే మేలు. రెడీమేడ్ సైజు ఎంచుకునేటప్పుడు రిమ్ము అంగుళాలు చూసి మోసపోవద్దు, మొత్తం టైరు ఎత్తు చూడాలి. టైరు మీద 185/65 ఆర్15 అని ఉంటే, 185 మిల్లీమీటర్లు టైరు వెడల్పు, అందులో 65 శాతం 120 సైడ్‌వాల్ ఎత్తు, పైనా కిందా కలిపి 240, దానికి రిమ్ము 15 అంగుళాలంటే 381 కలిపితే 621. అంటే 62 సెంటీమీటర్ల టైరు. 165/80 ఆర్14 కూడా లెక్కవేస్తే 62 దగ్గరికే వస్తుంది. రిమ్ము వేరైనా కవరు ఒకటే. పాత ఆల్టో 145/80 ఆర్12కు 54 చాలు. 235/65 ఆర్17 వేసిన స్కార్పియో లాంటి వాటికి 74 కావాలి.

కుట్టించేదైతే టైలరుకు చెప్పాల్సిన కొలతలు ఇవి. 62 సెంటీమీటర్ల టైరుకు ముందువైపు బిళ్ల 66 సెంటీమీటర్ల వెడల్పు గుండ్రం: వదులుకు రెండు, కుట్టుకు రెండు కలిపి. బిళ్ల అడుగున నాలుగు సెంటీమీటర్లు అడ్డంగా కోసేయాలి, అంచు నేలకు ఆనకుండా. ఆనితే ఒత్తిలాగా తడిని పైకి పీలుస్తుంది. ట్రెడ్ మీదుగా వెనక్కు పోయే పట్టీ 25 సెంటీమీటర్ల వెడల్పు, 1.55 మీటర్ల పొడవు. చుట్టూరా పట్టీ అక్కర్లేదు, ముప్పావు చుట్టే చాలు, కింద నేల ఉంది. పట్టీ వెనక అంచులో అంగుళం ఎలాస్టిక్ దూర్చి, కింద రెండు కొసలకు నాడాలు కుట్టి, టైరు వెనక దిగువగా ముడి వేసుకోవాలి. నాడాను పైకి లాగి కట్టొద్దు. అక్కడ బ్రేకు గొట్టమూ, ఏబీఎస్ (బ్రేకు తొక్కితే చక్రం పట్టేయకుండా చూసే ఏర్పాటు) తీగా ఉంటాయి.

రెగ్జిన్, కవరు గుడ్డ సాధారణంగా 54 అంగుళాలు, అంటే 137 సెంటీమీటర్ల పన్నాలో దొరుకుతాయి. పన్నాలో రెండు బిళ్లలు పక్కపక్కన పడతాయి. నాలుగు బిళ్లలకు 1.32 మీటర్లు, నాలుగు పట్టీలకు మరో 1.55. మొత్తం మూడు మీటర్లు తీసుకుంటే ముక్క కూడా పెద్దగా మిగలదు. ఐదు మీటర్లు పడుతుందని అంగట్లో చెబితే ఈ లెక్క కాగితం మీద వేసి చూపించండి. దారం పాలిస్టర్‌దే అయ్యుండాలి. నూలు దారం ఎండకూ తేమకూ ముందు కుళ్లుతుంది, గుడ్డ గట్టిగా ఉన్నా కుట్లు విడిపోతాయి. సీటు కవర్లు కుట్టే అంగళ్లలో ఈ దారం ఉంటుంది, బట్టలు కుట్టే టైలరు దగ్గర ఉండకపోవచ్చు.

గుడ్డ ఎంపికలో రెగ్జిన్‌కు ఒక మాట. పీవీసీ పూత ఉన్న రెగ్జిన్ నీటిని పూర్తిగా ఆపుతుంది, చవక, ఏ రంగు కావాలంటే ఆ రంగు. కానీ ఎండకు దానిలోని మెత్తదనమిచ్చే నూనె ఇగిరిపోయి అప్పడంలా గట్టిపడి మడతల దగ్గర పగులుతుంది. ఆ నూనెలో కొంత అల్లాయ్ రిమ్ము పైపూతకు అంటుకుని జిడ్డు మరక పడే ప్రమాదమూ ఉంది. రెగ్జిన్ తప్పనిసరైతే గుడ్డవైపు లోపలికి వచ్చేట్టు, లేత రంగులో తీసుకోండి, రెండేళ్లకు మారుస్తామని అనుకునే కొనండి.

ఫ్లెక్సీల సంగతి. ఎన్నికలు, పుట్టినరోజులు, బ్రహ్మోత్సవాల స్వాగతాలు అయ్యాక ఫ్లెక్సీలు ఊరంతా ఉచితం. ఎండను బాగానే ఆపుతాయి. నాయకుల బొమ్మ లోపలికి పెట్టి కడితే ఆ రంగు వేడికి రిమ్ముకు దిగుతుంది. బయటికి పెడితే వీధిలో రాజకీయం. వేడికి ఫ్లెక్సీ మెత్తబడి రబ్బరుకు అతుక్కుంటుంది కూడా. కాబట్టి చక్రానికి చుట్టకుండా, జానెడు దూరంలో తెరలా వేలాడదీస్తే పనికొస్తుంది. గోనెపట్ట మాత్రం వద్దే వద్దు. తడిని దాచుకోవడంలో దాన్ని మించింది లేదు. ఎలుకలకు పరుపు, చెదలకు మేత. కొందరు బండి దీర్ఘకాలం నిలిపేటప్పుడు టైరుకు పాత చీర చుడతారు. నూలు చీర అయితే గోనెకు చెల్లెలే.

ఖర్చు లేనివాటిలో నిజంగా మెచ్చుకోవలసింది ప్లైవుడ్ చెక్క. రెండడుగుల చదరం ముక్క, సున్నం తెలుపు కొట్టి, టైరుకు బయటివైపు ఆనించి, కింద ఇటుక అడ్డం పెడితే ఎండ ఆగుతుంది, గాలి ఆడుతుంది, తేమ నిలవదు, తొడిగే తంటా లేదు. అడ్డంకి ఒకటే. సాయంత్రపు ఈదురుగాలికి చెక్క పడి కారు తలుపుకు గీత పడుతుంది. మీద ఒక రంధ్రం చేసి మెత్తటి తాడుతో కారు కవరు కొక్కేనికి కట్టుకోవాలి. అయస్కాంతాలతో మడ్‌గార్డుకు అంటించే తెరలు ఉన్నాయి, వాటి జోలికి పోవద్దు. అయస్కాంతం కింద ఇసుక రేణువు ఒక్కటి చాలు, పెయింటుకు గీత పడుతుంది.

కొనేటప్పుడు అంగట్లోనే చేసుకోగల పరీక్షలున్నాయి. గుడ్డను పొద్దుకు అడ్డంగా పట్టండి, నక్షత్రాల్లా చుక్కలు కనబడితే పూత పలచన. వెండిపూతను గోరుతో గట్టిగా గీకండి, గోరుకు పొడి అంటితే ఒక వేసవి సరుకు. గుడ్డను దొప్పగా పట్టి గ్లాసు నీళ్లు పోసి ఐదు నిమిషాలు ఆగండి. అడుగున చెమ్మ కనిపించినా పర్వాలేదు, ధార కట్టకూడదు. ఎలాస్టిక్‌ను రెట్టింపు పొడవుకు లాగి వదిలితే మునుపటి పొడవుకు రావాలి. మూటలోంచి తీయగానే ఘాటైన ప్లాస్టిక్ వాసన కొడితే అందులో పీవీసీ ఎక్కువ.

కవరు తొడిగే పద్ధతిలోనే సగం ఫలితం ఉంది. ముందు టైరును మామూలు నీళ్లతో, కారు షాంపూతో కడగాలి. రిమ్ము సందుల్లోని బ్రేకు నుసి పోవాలి, అది తేమతో కలిస్తే అల్లాయ్ పైపూత కింద తెల్లటి పుండ్లు లేస్తాయి. ఘాటైన ఆమ్లం ఉన్న రిమ్ము క్లీనర్లు వద్దు. కడిగాక బండిని అర కిలోమీటరు తిప్పి బ్రేకు రెండుసార్లు తొక్కితే డిస్కుల మీది నీరు పోతుంది. తర్వాత పూర్తిగా ఆరి, చల్లారాకే కవరు. కొండ దిగి వచ్చిన బండికి ఇది మరీ ముఖ్యం. దిగేందుకు వాడే 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో బ్రేకు తొక్కుతూ వచ్చిన బండి డిస్కు ముట్టుకుంటే చేయి కాలుతుంది. దాని మీద రెగ్జిన్ తొడిగితే కవరూ పోతుంది, రిమ్ముకు అంటుకున్నది గీకలేక రిమ్మూ పోతుంది. గంటసేపైనా ఆగాలి.

కవర్లు తొడిగాక స్టీరింగుకు ఒక చీటీ కట్టండి, "చక్రాలకు కవర్లు ఉన్నాయి" అని. తాళం వేరేవాళ్ల చేతికి ఇచ్చినప్పుడు ఈ చీటీ విలువ తెలుస్తుంది. నాడా బ్రేకు గొట్టానికి చుట్టుకుంటే ఆ ఖర్చు నాలుగు కవర్ల ఖరీదుకు అనేక రెట్లు.

కవరు తీసేటప్పుడు చేయి దూర్చే ముందు కర్రతో తట్టాలి. శేషాచలం పాదాల దగ్గరున్న కాలనీల్లో పాములూ తేళ్లూ ఇలాంటి చీకటి చల్లదనాన్నే వెతుక్కుంటాయి. ఎలుకలైతే ఊరంతా ఒకటే. అలిపిరి, కపిలతీర్థం వైపు కోతులు కవర్లను లాగి పారేయడం ఇంకో బాధ, దానికి నాడా రెండు ముడులు వేయడం తప్ప ఉపాయం లేదు. వీధికుక్కల మూత్రం మాత్రం కవరు బాగా ఆపే వాటిలో ఒకటి. ఇనుప రిమ్ము తుప్పు పట్టడానికీ, నట్లు పట్టేయడానికీ అదొక పెద్ద కారణం. ఈ ఒక్క మేలు కోసమే రోడ్డు పక్కన నిలిపేవాళ్లు కవరు వేసుకున్నా తప్పు లేదు. పది రోజులకొకసారి కవరును నీళ్లతో జాడించాలి మరి.

సెప్టెంబరు దాటితే లెక్క తిరగబడుతుంది. తిరుపతి వైపు వాన జోరుగా పడేది అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో. వాయుగుండం పట్టిందంటే రోజుల తరబడి ముసురు. ఆ రోజుల్లో ఎండ భయం తక్కువ, తేమ భయం ఎక్కువ. కవరు లోపల నీటి ఆవిరి నిలిచి డిస్కు మీద తుప్పు పొర మందమవుతుంది, వెనక డ్రమ్ము బ్రేకుల షూలు పట్టేస్తాయి. అందుకే వానాకాలంలో కవర్లు తీసేసి, నేల చూసుకోవాలి. నీళ్లు నిలవని చోటు, టైరు కింద దాని వెడల్పుకు మించిన ప్లైవుడ్ ముక్కో రబ్బరు చాపో. చెక్క టైరు కంటే ఇరుకుగా ఉంటే అంచు నొక్కుకుని ట్రెడ్‌లో వంపు పడుతుంది. సమతలంగా ఉన్న చోట హ్యాండ్‌బ్రేకు వేయకుండా, గేరులో పెట్టి చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. ఆటోమేటిక్ అయితే పార్క్‌లో. వాలులో మాత్రం హ్యాండ్‌బ్రేకు తప్పదు. 2021 నవంబరు వరదలో తిరుపతి వీధుల్లో నిలిపిన బండ్లు నీళ్లలో నానాయి. అలాంటి నీరు చక్రం ఇరుసు దాకా వచ్చిందంటే టైరు కవరు చేసేదేమీ లేదు. బేరింగులు, డ్రమ్ములు విప్పించి చూపించాలి, కవరులో పేరుకున్న బురదను ఆరనివ్వకుండా కడిగేయాలి.

గాలి విషయం కవరు అమ్మేవాళ్లు చెప్పరు. నిలిచిన టైరు నెలకు ఒకటి రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) తనంతట తానే కోల్పోతుంది. 33 పెట్టి ఆరు నెలలు వదిలేస్తే 21కి, బాగుంటే 27కి దిగుతుంది. గాలి తగ్గిన టైరు మీద బండి బరువుకు సైడ్‌వాల్ సాగి ఉంటుంది, పైన చెప్పిన ఓజోన్‌కు అదే కావాలి. కాబట్టి నిలిపే రోజు కంపెనీ చెప్పిన దానికంటే మూడు నుంచి ఐదు ఎక్కువ పెట్టించండి, టైరు మీద అచ్చేసిన గరిష్ఠ అంకె దాటకుండా. కొలత పొద్దున ఎండ తగలకముందే చూడాలి. ఐదారు డిగ్రీల వేడికి ఒక పీఎస్ఐ తేడా వస్తుంది కాబట్టి మధ్యాహ్నం ఎండలో చూసిన అంకె అబద్ధం చెబుతుంది. నైట్రోజన్ పెడితే పగుళ్లు రావనేది అపోహ. అది లోపలి గాలి, పగుళ్లు పుట్టేది బయట. కాస్త నెమ్మదిగా తగ్గుతుందంతే. వాల్వ్ కాడ కూడా రబ్బరే, అదీ పగులుతుంది. దాన్ని వంచి చూసి మొదలు దగ్గర గీతలుంటే మార్పించండి, మూత లేకపోతే వేయించండి.

రెండు మూడు వారాలకొకసారి ఇంట్లో ఎవరైనా బండిని పావు చుట్టు కదిపినా మేలే. 62 సెంటీమీటర్ల టైరుకు పావు చుట్టంటే అడుగున్నరకు కాస్త ఎక్కువ. దానికంటే పదిహేను ఇరవై నిమిషాలు నడిపితే ఇంకా మంచిది, టైరు వేడెక్కి మైనం ఊరుతుంది, బ్యాటరీకీ ఛార్జి ఎక్కుతుంది. ఏ కవరూ ఈ పని చేయలేదు.

పాలిష్‌ల విషయంలో మా అభిప్రాయం కాస్త కటువుగానే ఉంది. వాటర్ వాష్ చేయించాక బ్రష్షుతో నల్లగా మెరిసేట్టు పూసే ద్రవం కొన్నిచోట్ల పాత ఇంజినాయిల్, డీజిల్ కలిపినదే. పెట్రోలియం నూనె రబ్బరులోకి ఇంకి ఉబ్బిస్తుంది, నిరోధకాలను కరిగిస్తుంది. రెండు రోజుల మెరుపుకు రెండేళ్ల ఆయుష్షు పణం. కొబ్బరినూనె, కిరోసిన్ చిట్కాలు కూడా అంతే. సీసా కొంటే నీటి ఆధారితమైనది కొనండి. పాలలా తెల్లగా ఉండి, కిరోసిన్ వాసన రాకపోతే చాలావరకు అదే. ఒక టైరుకు రెండు మూడు టీస్పూన్లు స్పాంజికి తీసుకుని సైడ్‌వాల్‌కే పూయాలి, ట్రెడ్‌కు కాదు. ద్విచక్ర వాహనాల టైర్లకు అసలు వద్దు, మలుపులో జారుతుంది. పూసిన వెంటనే కవరు వేస్తే గుడ్డ జిడ్డుకు దుమ్ము పట్టి అట్ట కడుతుంది, రాత్రంతా ఆరనివ్వాలి. ఇదీ వారాల తరబడి నిలిచే రక్షణ కాదు. కవరుకు తోడే తప్ప బదులు కాదు.

స్కూటర్లు, బైకులకు విడిగా టైరు కవర్లు కొనడం దండగ. సెంటర్ స్టాండు వేస్తే ఒక చక్రం నేల విడుస్తుంది, నేలకు తగిలే చక్రం కింద చెక్క ముక్క, మీద నేల దాకా వచ్చే బండి కవరు చాలు. సైలెన్సరు చల్లారాకే కప్పాలి.

చిత్తూరు పల్లెల్లో ట్రాక్టరు ట్రాలీలది వేరే కథ. మే నుంచి జులై దాకా తోతాపురి మామిడి తోలి, తర్వాత చెరకు నరికే దాకా కళ్లంలోనే నిలిచిపోతాయి. ఈ పెద్ద టైర్లకు కవర్లు కుట్టించడం కంటే ట్రాలీని జాకీతో లేపి ఇరుసు కింద రాతి దిమ్మెలు పెట్టి చక్రాల మీద బరువు తీసేయడమే అసలు రక్షణ. బరువు లేకపోతే సైడ్‌వాల్ సాగదు, సాగని రబ్బరు త్వరగా పగలదు. ఆపైన చక్రాలకు పడమటి వైపు తాటాకు తడికో రేకో ఆనిస్తే సరి. రేకు టైరుకు తగలకూడదు, కాలిన రేకు పెనంతో సమానం. షెడ్డులో యూరియా బస్తాల పక్కన నిలిపితే ఇనుప రిమ్ములు తొందరగా తుప్పు పడతాయి. బస్తాలను ఇంకో మూలకు మార్చండి.

కొనే ముందు చివరి పరిశీలన ఒకటుంది. టైరు పక్కన డీవోటీ (DOT) అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగంకెలు చూడండి. 2322 అంటే 2022లో 23వ వారం తయారైందని. అపోలో టైర్ల ఫ్యాక్టరీ మనకు చేరువలోనే చిన్నపండూరులో ఉన్నా, అంగట్లో టైరు ఎన్నాళ్లు నిల్వ ఉందో ఈ అంకె తప్ప ఎవరూ నిజం చెప్పరు. ఆరేళ్లు దాటిన టైరుకు, లేదా బొటనవేలి గోరు దిగేంత లోతు పగుళ్లు, ఉబ్బు, లోపలి దారాలు కనబడే టైరుకు కవరు కొనొద్దు. ఆ డబ్బు కొత్త టైరుకు కలుపుకోండి. వెంట్రుకంత గీతలే అయితే కవరు వాటిని నయం చేయదు గానీ ముదరకుండా నెమ్మదింపజేస్తుంది. డిక్కీలో ఉన్న స్టెప్నీకి ఎండ తగలదు, దానికి గాలి చూస్తే చాలు. వెనక తలుపుకు తగిలించిన స్టెప్నీకి మాత్రం గట్టి కవరు ఏడాది పొడవునా ఉండాలి, దాని అడుగున నీరు కారే రంధ్రం ఉందో లేదో చూసుకోవాలి.

నెలల తర్వాత బండి తీసేరోజు కవర్లు విప్పి, రాళ్లు తీసి, గాలిని మామూలు అంకెకు తెచ్చుకుని బయల్దేరితే మొదట్లో స్టీరింగులో దడదడ వినిపిస్తుంది. ఒకేచోట ఆనిన టైరు అడుగు చదునైన గుర్తు అది. నలభై, యాభై వేగంలో రేణిగుంట రోడ్డు మీద ఇరవై నిమిషాలు పోతే వేడికి చాలావరకు సర్దుకుంటుంది. చల్లారి మళ్లీ తీసినప్పుడూ అదే దడ ఉంటే బ్యాలెన్సింగు చేసే అంగట్లో చక్రం మెషీనుకు ఎక్కించి చూపించండి, సీసం బిళ్లలతో సరిపోని వంకర ఉంటే టైరు మార్చాల్సిందే.